కార్తీక సోమవారం, పొటాషియం 6.8

మా ఆయన కిడ్నీలు పనిచెయ్యవు. డయాలసిస్, అంటే మిషన్‌తో రక్తం కడగడం, మంగళ, గురు, శనివారాలు. శనివారం మధ్యాహ్నం మిషన్ దిగితే మళ్లీ మంగళవారం పొద్దున్నే ఎక్కడం. వారం మొత్తంలో అంత పొడుగు ఖాళీ అదొక్కటే. ఈ సంగతి నాకు మొదటి నెలలోనే చెప్పారు. తెలిసుండి కూడా రెండేళ్ల కిందట కార్తీక మాసంలో ఆయన్ని ఎమర్జెన్సీ దాకా తీసుకెళ్లింది నా చేతులే.

కార్తీక సోమవారం ఉపవాసం ఆయనకి పదేళ్ల వయసు నుంచీ అలవాటు. డయాలసిస్ మొదలైన ఏడాది అందరం కలిసి మాన్పించాం. రెండో ఏడు, "కటిక ఉపవాసం ఉండన్లే. పళ్లు తింటాను, కొబ్బరి బొండం తాగుతాను, నక్షత్రం కనపడ్డాక ఇంత అన్నం తింటాను" అన్నారు. నాకు సబబుగానే తోచింది. అన్నం పప్పుల కన్నా పళ్లు తేలిక కదా అనుకున్నాను. కోనసీమలో అంబాజీపేట పక్కన ఊరు మాది, పెరట్లో చెట్లకి కొదవేముంది? పొద్దున పూజయ్యాక ఒక బొండం, సాయంత్రం గుడి నుంచి వచ్చాక ఇంకొకటి, మధ్యలో మూడు చక్కెరకేళీ అరటిపళ్లు.

మర్నాడు పొద్దున అరుగు దిగుతూ ఆగిపోయారు. "మెట్టు కనపడుతోందే, కాలు లేవట్లేదు" అన్నారు. నొప్పి లేదు, ఆయాసం లేదు. సెంటర్‌లో మిషన్ ఎక్కించే ముందు రక్తం తీస్తే పొటాషియం 6.8 వచ్చింది. మామూలు మనిషికి 5 దాటదు, మరీ పెరిగితే గుండె లయ తప్పొచ్చు. ఈసీజీ కాగితం చూసిన డ్యూటీ డాక్టరు నాతో ఏమీ మాట్లాడలేదు, సిస్టర్‌ని గట్టిగా పిలిచారు. గుండెకి రక్షణగా కాల్షియం ఇంజక్షన్, పొటాషియాన్ని కణాల్లోకి నెట్టడానికి గ్లూకోజుతో పాటు ఇన్సులిన్, ఆ తర్వాత మిషన్. నాలుగు గంటలు బయట బల్ల మీద కూర్చుని నేను లెక్క వేసుకున్నాను.

కొబ్బరి నీళ్లు 100 మిల్లీలీటర్లలో సుమారు 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మా బొండంలో 300 మిల్లీలీటర్లకి తక్కువ రావు. రెండు బొండాలకి 1,500. అరటిపండు ఓ మాదిరిదైతే 350 పైచిలుకు, మూడింటికి వెయ్యి దాటింది. రోజు మొత్తానికి ఆయనకి చెప్పింది 2,000 మిల్లీగ్రాములు. అన్నం ముట్టకుండానే 2,500 దాటించేశాను. పైగా ఉపవాసం ఇంకో దెబ్బ కొట్టిందని డాక్టరు తర్వాత చెప్పారు. తిండి తిన్నప్పుడు ఊరే ఇన్సులిన్ పంచదారనే కాదు, పొటాషియాన్ని కూడా కణాల్లోకి తోస్తుంది. గంటల తరబడి సరిగ్గా తినకపోతే ఆ ఇన్సులిన్ తగ్గి, కణాల్లో ఉన్నది రక్తంలోకి జారుతుంది. మామూలు మనిషికి కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి, తెలియను కూడా తెలియదు. మా ఆయనకి పంపేవాళ్లు లేరు. ఇదంతా జరిగింది సోమవారం, శనివారం కడిగిన రక్తం మూడో రోజు. కాలెండరులో అంతకన్నా చెడ్డ రోజుని వెతికినా దొరకదు.

ఆ పొడుగు ఖాళీ గురించి 2011లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పెద్ద పరిశీలన వచ్చింది. అమెరికాలో వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే 32 వేల మందికి పైగా లెక్కలు చూశారు. రెండు రోజుల ఖాళీ తర్వాతి రోజున మరణాలు, గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరడాలు మిగతా రోజుల కన్నా ఎక్కువగా ఉన్నాయి. మన దేశంలో వారానికి రెండుసార్లే చేయించుకునేవాళ్లు బోలెడంతమంది. వాళ్లకి ఖాళీ ఇంకా పొడుగు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, డయాలసిస్ మొదలైన రోజున మా చేతికొక జిరాక్సు కాగితం ఇచ్చారు. తినకూడనివి అని పైన రాసి, కింద నలభై పేర్లు. టమాటా, బంగాళాదుంప, పాలకూర, కివీ, అవకాడో, కొబ్బరి నీళ్లు, అరటి, నారింజ, ఎండు ద్రాక్ష... అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఒకదాని కింద ఒకటి. అవకాడోని నేను ఈ రోజుకీ కళ్లతో చూడలేదు. కంద లేదు అందులో. పెండలం, చామదుంప, బొంత అరటికాయ ఏవీ లేవు. ఆ కాగితం ఎవరు ఎవరి కోసం రాశారో గానీ గోదావరి జిల్లాల వంటింట్లోకి మాత్రం వాళ్లు ఎప్పుడూ తొంగి చూడలేదు.

నా గొడవ కాగితంలో లేనివాటి గురించి కాదు. ఉన్నవన్నీ ఒకే వరసలో ఉండటం గురించి. నలభై పేర్లు చూసి మా ఆయన మొదటి రెండు నెలలు అన్నంలో మజ్జిగ నీళ్లు తప్ప ఏదీ ముట్టలేదు. కూర వడ్డిస్తే, "ఇందులో ఉందంటావా?" అని అడగడం, నేను తడబడటం, ఆయన కంచం జరపడం. బరువు తగ్గారు, రక్తంలో ఉండే మాంసకృత్తి ఆల్బుమిన్ పడిపోయింది. డయాలసిస్ మనిషికి ఆల్బుమిన్ పడిపోవడం పొటాషియం పెరగడానికి ఏమీ తీసిపోని ప్రమాదం. అన్నీ మానేశాక విసుగొచ్చి అన్నీ ఒకేలా అనిపించాయి. టమాటా ముక్కకీ బొండానికీ తేడా లేదనుకున్న ఇంట్లోనే కార్తీక సోమవారం నాడు రెండు బొండాలు కొట్టారు. నలభై వద్దనుకున్నవాళ్లం అసలైన ఒక్కటి మర్చిపోయాం.

"రోగులకి కాస్త సందిస్తే కొండెక్కి కూర్చుంటారు, అందుకే గట్టిగా చెబుతాం" అని ఒక డైటీషియన్ నాతో అన్నారు. నాకు తెలిసిన రోగులు అలాంటివాళ్లు కారు. రెండు మూడు విషయాలు ఖచ్చితంగా చెప్పండి, ప్రాణం పోయినా పాటిస్తారు. నలభై చెబితే నాలుగు నెలల్లో అన్నీ గాలికి పోతాయి. పెద్ద డాక్టర్ల ఆలోచన కూడా ఇటే మళ్లినట్టుంది. అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ వాళ్ల 2020 ఆహార మార్గదర్శకాల్లో అందరికీ ఒకే అంకె కాకుండా, రక్తంలో పొటాషియం మామూలు స్థాయిలో నిలిచేలా ఎవరి తిండి వాళ్లకి సర్దమని ఉంది. అంటే నెలనెలా వచ్చే రక్తం రిపోర్టే అసలు కాగితం.

ఆ రిపోర్టు చదవడం కష్టమేం కాదు. మామూలు మనిషికి 3.5 నుంచి 5 దాకా. మిషన్ ఎక్కే ముందు 5.5 దాకా ఉంటే మా డాక్టరు ఏమీ అనరు. 6 దాటితే ఏం తిన్నారని నన్ను నిలదీస్తారు. 6.5 దాటితే అడగడాలు ఉండవు, పరుగే. మరీ తక్కువైనా గుండెకి ముప్పే, కాబట్టి 3.2 వచ్చిందని సంబరపడకూడదు. ఇంకో మాట, పొటాషియం పెరిగినప్పుడు ఒంట్లో తెలుస్తుందని నమ్ముకోవద్దు. మా ఆయనకి కాళ్లు చెప్పాయి. కొందరికి ఏదీ చెప్పదు, నేరుగా గుండె లయే తప్పుతుంది.

మిషన్ ఉంది కదా, అదే లాగేస్తుంది కదా అని చుట్టాలు అడుగుతుంటారు. లాగుతుంది, కానీ దానికీ ఒక హద్దుంది. ఒంట్లో పొటాషియంలో నూటికి 98 వంతులు కణాల లోపలే దాక్కుని ఉంటుంది, మిషన్ కడిగేది రక్తాన్ని. నాలుగు గంటల్లో తీసేది సుమారు మూడు గ్రాములు అనుకోండి. వారానికి మూడుసార్లు, తొమ్మిది. రోజుకి రెండు గ్రాములు తింటే వారానికి పద్నాలుగు. మిగతా అయిదు ఎక్కడికి పోవాలి? తిన్నదంతా రక్తంలోకి ఎక్కదు, కొందరికి కాస్తో కూస్తో మూత్రం మిగిలి ఉంటుంది. మిగతాది పేగుల్లోంచే పోవాలి. కిడ్నీలు పోయాక పేగులు ఆ పని కొంత ఎక్కువగా నెత్తిన వేసుకుంటాయట. అందుకే మలబద్ధకం డయాలసిస్ మనిషికి చిన్న విషయం కాదు. కూరలన్నీ మాన్పించేస్తే పీచు లేక మోషన్ బిగుసుకుని, మానేసిన కూరల పొటాషియమే ఇంకో దారిలో ఒంట్లో ఉండిపోతుంది. ఇది ఎవరూ చెప్పలేదు నాకు, మూడు నెలల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చూస్తే అర్థమై డాక్టర్ని అడిగాను.

కాబట్టి కూరలు పెట్టాలి. ఎలా అన్నదానికి మన భాషలోనే మాట ఉంది, వార్చడం. ఒకప్పుడు ప్రతి ఇంట్లో అన్నం వార్చేవాళ్లు, కుక్కరొచ్చి ఆ పని పోయింది. పొటాషియం నీళ్లలో కరిగే వస్తువు. ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే చాలా భాగం దాంతో పోతుంది. కుక్కర్లో కొలత నీళ్లు పోసి మూత బిగిస్తే లోపలున్నది లోపలే.

కంద ఇలా వండుతాను. చెక్కు లోతుగా తీసి, మామూలుగా చేసే ముక్కల్లో సగం సైజుకి పల్చగా తరుగుతాను. పెద్ద గిన్నెలో ముక్కలకి అయిదారింతల నీళ్లు తెర్లించి, అందులో వేసి పది నిమిషాలు. చిల్లుల గిన్నెలోకి వంచేస్తే గోధుమ రంగు నీళ్లు దిగుతాయి. మళ్లీ కొత్త నీళ్లు, మళ్లీ మెత్తబడేదాకా, మళ్లీ వార్చడం. బచ్చలాకు వేరే ఉడికించి గట్టిగా పిండేస్తాను. రెండూ కలిపి, పోపు దండిగా, ఎండుమిర్చి, ఇంగువ, చింతపండు పులుసు ఒక్క చెంచా, దించాక ఆవ. రాత్రంతా చన్నీళ్లలో నానబెడితే చాలంటారు కొందరు. ఉడికించకుండా ఒట్టి నానబెట్టడం వల్ల దుంపల్లోంచి పెద్దగా పోదు, నమ్మకండి. ఇంత చేసినా కంద కందే, వారానికోసారి నాలుగు చెంచాలు.

మొదటిసారి ఆ నీళ్లు పారబోస్తుంటే అత్తయ్య గుమ్మంలో నిలబడి, "సారమంతా తూములో పోస్తున్నావేంటే అమ్మాయ్!" అన్నారు.

"సారమే కదా అత్తయ్యా, ఆయనకి పడనిది" అన్నాను.

ఆవిడ ఒక్క నిమిషం ఆగి, "అయితే ఇంకో చెంబు నీళ్లు పొయ్యి" అన్నారు.

వార్చడం తెలిశాక చారు సంగతి దానంతట అదే తేలింది. పప్పు ఉడికిన కట్టుతో, టమాటాతో, చింతపండుతో చేసే చారంటే మూడు చోట్ల పొటాషియం నీళ్లలోకి దిగి ఒక గిన్నెలో చేరడం. పైగా రోజుకి ఇన్నే నీళ్లని కొలత ఉన్నవాడికి అది నీళ్ల లెక్కలోకి కూడా వస్తుంది. కూర వార్చి పెట్టి, పక్కన గిన్నెడు పప్పుచారు పోస్తే ఏం లాభం? మా ఇంట్లో చారు పోయింది. గోదావరి జిల్లా మనిషికి చారు లేని భోజనం ఏంటని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను, ఏడ్చాను కూడా. పప్పు మాత్రం మానలేదు, కందిపప్పు నానబెట్టి, విడి గిన్నెలో ఉడికించి, ఆ కట్టు తీసేసి ముద్దపప్పు చేస్తాను. మాంసకృత్తులు కావాలి కదా. కోడిగుడ్డులో తెల్లసొన రోజూ.

మీకు ఆశ్చర్యంగా ఉంటుంది, కొబ్బరి పచ్చడి మానలేదు. పచ్చికొబ్బరి వంద గ్రాములు తింటే 350 మిల్లీగ్రాములు, నిజమే. కానీ ఇడ్లీలోకి చెంచాడు పచ్చడిలో కొబ్బరి ఇరవై గ్రాములు కూడా ఉండదు. అంటే 70. బొండం నీళ్లు 750. ఒకే చెట్టు, పదింతల తేడా. కోనసీమలో పుట్టి కొబ్బరి మొత్తం మానడం అంటే ఒంట్లోంచి ఎముక తీసినట్టు. కొబ్బరి నీళ్లు మానితే సరిపోతుంది. పళ్లల్లో జామ, అరటి పక్కన పెట్టాం. ఆపిల్ సగం, అనాస రెండు ముక్కలు, వేసవిలో మామిడిపండు రెండు చెంపల్లో ఒకటి. పూతరేకులు తినాలనిపిస్తే బెల్లం వేసినవి కాకుండా పంచదారవి. బెల్లంలో పొటాషియం ఉంటుంది, పంచదారలో దాదాపు ఉండదు. మా ఆయనకి షుగర్ లేదు కాబట్టి ఈ మాట అంటున్నాను. షుగర్ ఉండి డయాలసిస్ చేయించుకునేవాళ్లు, ఎప్పుడైనా షుగర్ డౌన్ అయితే బత్తాయి రసమూ కొబ్బరి నీళ్లూ తాగకుండా గ్లూకోజు పొడో పంచదారో వాడాలని మా సెంటర్లో పదేపదే చెబుతారు.

నేను చేసిన ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. ఆయన కిడ్నీలు పోయింది బీపీ వల్ల. ఉప్పు తగ్గించమన్నారని సూపర్ మార్కెట్లో సోడియం తక్కువ ఉప్పు ప్యాకెట్ కొన్నాను, డబ్బు కూడా ఎక్కువే పెట్టి. వెనకాల చిన్న అక్షరాల్లో పొటాషియం క్లోరైడ్ అని ఉంది. ఆ పదార్థం బరువులో సగం పొటాషియమే. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఉప్పుని పెద్దవాళ్లకి సిఫారసు చేస్తూనే, కిడ్నీ జబ్బున్నవాళ్లని ఆ సిఫారసు నుంచి మినహాయించింది. బొండాన్ని వద్దనొచ్చు, అది కంటికి కనపడుతుంది. ఉప్పు డబ్బాలో ఉన్నదాన్ని ఎవరు చూస్తారు? కొన్ని బీపీ మాత్రలూ పొటాషియం పెంచుతాయి, స్పైరనోలాక్టోన్, టెల్మిసార్టాన్ లాంటివి. అవి మనంతట మనం ఆపేవి కావు, డాక్టర్ని అడిగే సంగతి. మిషన్ లేని రోజుల కోసం పేగుల్లోనే పొటాషియాన్ని పట్టుకునే పొడి కూడా రాస్తారు కొందరికి, అదీ అంతే.

పక్క బెడ్ మీద పడుకునే ఆయనది లంక గ్రామం. మిషన్ ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ కింద పోతుంది గానీ, గోదావరి పొంగితే పడవ ఎవరు నడుపుతారు? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన వరద ఆయన మర్చిపోలేదు. ఇప్పుడు రెండో హెచ్చరిక మాట టీవీలో వినపడితే చాలు, సంచీ సర్దుకుని గట్టు ఇవతల అల్లుడి ఇంట్లో దిగిపోతారు. ఒకవేళ మిషన్ తప్పితే ఆ రోజుల్లో వార్చిన అన్నం, వార్చిన బీరకాయ, నీళ్లు గ్లాసుతో కొలిచి. పండు ముట్టరు. సెంటర్‌కి ఫోన్ చేసి ఎప్పుడు వీలైతే అప్పుడు ఎక్కించమంటారు. ఆయన మూడో తరగతి దాకా చదువుకున్నారు. నాకు పొటాషియం పాఠం సగం చెప్పింది ఆయనే.

అన్నిటికన్నా కష్టం తిండి కాదు, మర్యాద. మా వైపు రోగిని చూడ్డానికి ఖాళీ చేతులతో ఎవరూ రారు. రావులపాలెం మీదుగా వచ్చేవాళ్లు అరటి అత్తం, ఊళ్లోవాళ్లు బొండాలు. ఒకసారి మా బాబాయిగారు నాలుగు బొండాలు చెక్కించి తెచ్చి, "ఒళ్లు చలవ చేస్తుంది, కిడ్నీలకి దీన్ని మించింది లేదమ్మా" అన్నారు. రాళ్లున్నవాళ్లకి ఎవరో చెప్పిన మాట అది. పనిచేసే కిడ్నీలకి సరే, పనిచెయ్యని కిడ్నీలకి అదే మాట తిరగబడుతుంది. "బాబాయిగారూ, మీ అల్లుడికి ఇది విషంతో సమానమండీ" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. లోపలికి తీసుకెళ్లి పెట్టాను. ఆయన వెళ్లేదాకా మా ఆయన గ్లాసు పట్టుకుని కూర్చున్నారు, తాగలేదు, కింద పెట్టలేదు. నాకు ఆ రోజే తెగింపొచ్చింది. ఇప్పుడు గుమ్మంలోనే చెప్పేస్తాను. చూడ్డానికి వచ్చేటప్పుడు ఏదైనా తేవాలనిపిస్తే పది నిమ్మకాయలు తెండి, పులుపు పిండుకుంటే కూరకి రుచి. లేదా మంగళవారం పొద్దున సెంటర్ దాకా బండి మీద దింపండి. డయాలసిస్ మనిషిని తిండి దగ్గర ఒంటరిగా కాపలా ఉండమంటే ఉండలేడు. ఊరు కూడా కాస్త కాపలా కాయాలి.

కార్తీక సోమవారం ఇప్పుడు ఆయన పొద్దున్నే రెండు ఇడ్లీలు తిని గుడికెళ్తారు. శివుడు ఏమీ అనుకోలేదు.

పోయిన నెల మా తోటలో కొబ్బరికాయల దింపు. దింపు తీసే అబ్బాయి అలవాటు ప్రకారం లేత బొండం ఒకటి చెక్కి, అరుగు మీద కూర్చున్న మా ఆయన చేతికిచ్చాడు. పాపం, కొత్తవాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని లోపలికి చూస్తున్నారు. నన్ను చూసి నవ్వి, నా వైపు జాపారు.

"నువ్వు తాగవే. నీకు రెండూ ఉన్నాయిగా."

తాగాను. ఈ ఏడు కాయ చాలా తియ్యగా ఉంది.